మైలున్నర పొడవు మొక్క

“మూడు నెలల్లో ఈ మురుగు కాల్వలో కిక్కిస అన్నదే లేకుండా చేస్తాను. లేదంటే రాజీనామా!”

కాల్వల మంత్రిగారు నా మైకులో గర్జించారు. పిడుగురాళ్లలో పదేళ్లుగా మైకు సెట్టు నడుపుతున్నాను. అంతటి మాట నా మైకు ఎన్నడూ మోయలేదు.

కిక్కిస అంటే నీళ్లలో మనిషిని మించి పెరిగే రెల్లులాంటి గడ్డి. అది కాల్వకు అడ్డం పడటంతో నీళ్లు ఎగదన్ని రోశమ్మక్క రెండెకరాల వరి మునిగింది. ఆమె పెట్టిన అర్జీ ఫలితమే ఈ మహాసభ.

మర్నాడే బుల్‌డోజరు దిగి కిక్కిసను వేళ్లతో సహా ముక్కలు చేసింది. ఏఈ మస్తాన్‌రావుగారు ఆ ముక్కల్ని పొందిగ్గా రోశమ్మక్క గట్టు మీదే పోయించారు.

“అయ్యా, కణుపు కణుపుకీ లేస్తదయ్యా అది! ఎండేసి తగలబెట్టాల!”

“నువ్వు ఇంజనీరింగ్ చదివావా?”

చదవలేదని ఆమె నిజాయితీగా ఒప్పుకుంది.

మూడో నెలకి ఆమె పొలమూ కాల్వా ఏకమై పచ్చగా కళకళలాడాయి. ఎన్ని మొక్కలు మిగిలాయో చెప్పాలని ప్రతిపక్షం అసెంబ్లీలో పట్టుబట్టింది. మంత్రిగారు నన్నూ మైకునూ వెంటేసుకుని కాల్వ దగ్గరికి పరుగున వచ్చారు.

“ఎన్నయ్యా?”

“నాలుగు లక్షలుంటాయి సార్.”

“అయితే నా రాజీనామా కూడా నువ్వే రాయి!”

మస్తాన్‌రావుగారి ముఖం చూసి రోశమ్మక్కకు జాలేసింది. నీళ్లలోకి దిగి ఒక కాడ పట్టి లాగింది. పక్క కాడ కదిలింది, దాని పక్కదీ కదిలింది.

“లెక్కేంది సారూ? అడుగునంతా ఒకటే వేరు. ఇదంతా ఒకటే మొక్క!”

మంత్రిగారి కళ్లు మెరిశాయి.

“నూర్ మొహమ్మద్, మైకు ఇటియ్యి!” అన్నారు నాతో.

ఆ వారమే అసెంబ్లీలో జవాబొచ్చింది: మిగిలింది ఒక్కటే మొక్క. బల్లలు మోగాయట. నరసరావుపేటలో మంత్రిగారికి చేసిన సన్మానానికి కూడా నా మైకే.

సభ కాగానే రోశమ్మక్క దండం పెట్టింది. “బాబయ్యా, కాల్వ తవ్విస్తే ఈ కారు పంటన్నా చేతికొస్తది.”

“ఒక్క మొక్కకి బుల్‌డోజరా తల్లీ?” మంత్రిగారు ఆప్యాయంగా నవ్వారు. “మస్తాన్‌రావ్, ఆ మొక్క మొదలెక్కడో కనుక్కో.”

మస్తాన్‌రావుగారు వేరు వెంబడి నడిచి కనుక్కున్నారు. రోశమ్మక్క గట్టు.

నాలుగో రోజు నోటీసు బయల్దేరింది: “మీ పొలమునందలి మొక్క ప్రభుత్వ కాల్వను మైలున్నర మేర ఆక్రమించినందున ఏడు దినములలో తొలగించవలెను.”

పొలంలో పొడిచోటు దొరక్క, బంట్రోతు దాన్ని ఒక కిక్కిస కాడకు కట్టి, రోశమ్మక్క చేత సంతకం పెట్టించుకుని వెళ్లాడు.