కోపంతో లేపిన కొండ

వీడియో గేముల్లో కొండలూ లోయలూ తయారుచేయడం అతని ఉద్యోగం. తెర మీద చదునుగా ఉన్న నేలని మౌస్‌తో రుద్దితే ఉబ్బుతుంది, ఇంకా రుద్దితే కొండవుతుంది. అందుకే అపార్ట్‌మెంటంతా అతన్ని కొండలరావంటారు. అన్ని కొండలు లేపిన మనిషి, సొంత గదిలోంచి ఒక్క బావమరిదిని లేపలేకపోవడమే అతని కడుపుమంట.

రెండ్రోజులుండి పోతానని వచ్చిన ఆ జిగురు (కొండలరావు మనసులో పెట్టుకున్న పేరు అది) గదినీ, అందులోని మెత్తటి కుర్చీనీ ఆక్రమించాడు. కొండలరావు వంటింటి బల్ల మీద, ఉల్లిపాయల పక్కన ఆఫీసు పని చేసుకుంటున్నాడు.

"మీ తమ్ముడెప్పుడు వెళ్తాడు?" అని పెళ్ళాం మీద విరుచుకుపడ్డాడు.

"మీకేం అడ్డమొచ్చాడు పాపం?"

"నా కుర్చీలో కూర్చున్నాడు!"

"మరి నిలబడమంటారా?"

అది చాలదన్నట్టు, కొండలరావు చేసిన ప్రతి లెవెలూ ముందు జిగురే ఆడతాడు. ఆ రోజూ చిటికెలో దాటేసి ఆవలించాడు.

"ఇవి కొండలా బావా? మా వీధిలో స్పీడ్ బ్రేకర్లు నయం."

కొండలరావుకి ఒళ్ళు మండిపోయింది. ఎక్కలేని కొండ పెడితే సరి, పరువు పోయి వాడే పోతాడని లెక్క వేశాడు. కుర్చీ గుర్తొచ్చినప్పుడల్లా మౌస్ నొక్కి రుద్దాడు. కొండ మబ్బుల్లోకి పోయింది. వాలన్నది లేకుండా గోడలా నిలబెట్టి, పక్కదారులన్నీ తవ్వి లోయలు చేశాడు. కసి తీరాక ఆ ఫైలుని ఆఫీసుకి కూడా పంపేశాడు.

జిగురు ఎక్కాడు, జారాడు. మళ్ళీ జారాడు. సాయంత్రానికి చొక్కా తడిసిపోయింది.

"ఇక నీవల్ల కాదులే. పెట్టె సర్దమంటావా?" అన్నాడు కొండలరావు.

జిగురు కుర్చీలోంచి లేచాడు. కొండలరావుకి ప్రాణం లేచొచ్చింది.

"అక్క మీద ఒట్టు బావా! ఈ కొండెక్కకుండా ఈ ఇంటి గడప దాటను!"

మళ్ళీ కూర్చున్నాడు.

"మా వాడు మాటంటే మాటే!" అని ఆవిడ పొంగిపోయి, తమ్ముడి పరుపు మీద కొత్త దుప్పటి పరిచింది.

కొండలరావు పరుగున వెళ్ళి కొండని తగ్గించబోయాడు. ఫైలు తెరుచుకోలేదు. బాసుకి ఫోన్ చేశాడు.

"అద్భుతమయ్యా! ఇన్నాళ్ళూ నీ కొండలు ఉప్పూకారం లేకుండా ఉండేవి. ఇందులో కసి ఉంది. నువ్వు కెలికి పాడుచేస్తావని ఫైలుకి తాళం వేయించాను."

"సార్, ఒక్క చిన్న మెట్టు..."

"గులకరాయి కదిపినా ఊరుకోను!"

కొండలరావు ఫోన్‌ని ఉల్లిపాయల మీదికి విసిరికొట్టాడు. గుమ్మంలో నిలబడి ఆవిడ అంతా వింది.

"ఎందుకండీ అంత కోపం? కట్టింది మీరేగా, ఎలా ఎక్కాలో వాడికి చూపించండి. వాడు ఎక్కిన మరుక్షణం నేనే బస్సెక్కిస్తాను."

ఆమె నవ్వాపుకుంటోందని అతనికి తెలుసు. తెలిసీ వెళ్ళాడు. స్టూలు లాక్కుని జిగురు పక్కన కూర్చున్నాడు. ఎక్కాడు, జారాడు. కొండని తిట్టాడు, బాసుని తిట్టాడు, కొండ కట్టినవాణ్ణి ఇంకా గట్టిగా తిట్టాడు. మళ్ళీ జారాడు.

జిగురు మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి, ఆప్యాయంగా అతని భుజం తట్టాడు.

"కంగారు పడకు బావా, నిదానంగా ఎక్కు. నాకేం తొందర లేదు."