అమ్మన్నమ్మ పులుసుకి ఆఖరి అవకాశం

ఆదివారం మధ్యాహ్నం లోగా తన మొదటి వ్యాపారం మొదలుపెట్టేయాలని పూజిత పొద్దున్నే నిశ్చయించుకుంది. కలకత్తా గార్డెన్ రీచ్‌లోని తమ ఇంట్లో తల్లి అమ్మన్నమ్మ వండే చేపల కూరలన్నీ అడిగి తెలుసుకుని, నెలల తరబడి కూర్చి, ఫోన్‌లో చదువుకునే పుస్తకంగా ముందు రాత్రే పూర్తిచేసింది. ఇక అమ్మడమే మిగిలింది. "నా వంట ఎవుడు కొంటాడే" అని అమ్మన్నమ్మ నవ్వేసి, ఫోన్ చార్జింగ్‌కి పెట్టి చేపల బజారుకి వెళ్లింది. ఆ నవ్వుతో పూజితకి పట్టుదల పెరిగింది.

అమ్మకం మాటలు ఎలా రాయాలో ఆమె ఇంటర్నెట్‌లో పాఠాలు విని నేర్చుకుంది. ముందు చదివేవాళ్లని ఏడిపించాలి, తర్వాత భయపెట్టాలి, అప్పుడు వస్తువు చూపించాలి. తెలుగు రాయడం సరిగా రాదు కనుక తను చెబుతుంటే ఫోనే రాసుకుంది:

"అమ్మన్నమ్మ చేతి పులుసు ఇక జ్ఞాపకమేనా? ఆ చెయ్యి మళ్లీ మనకి వడ్డించదా? కన్నీళ్లు తుడుచుకోండి. ఈ మధ్యాహ్నంతో ఆఖరు. ఆలస్యం చేస్తే ఇక దొరకదు."

పైన తల్లి ఫొటో పెట్టి, చుట్టూ బంతిపూల దండ అంచు తగిలించి, కలకత్తా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో వదిలింది. పుస్తకం కొనే లింకు మాత్రం మరిచిపోయింది.

దగ్గర్లోని ఏక్‌బాల్‌పూర్ నుంచి పెద్దమ్మ అప్పలకొండమ్మ ఫోన్ చేసింది.

"ఎప్పుడయిపోనాదే?"

"నిన్న రాత్రే పెద్దమ్మా. పొద్దున్న అందరికీ ఒకేసారి చెబ్దామని ఊరుకున్నాను."

"రేతిరంతా ఒక్కదానివే ఉన్నావేటే?"

"ఏటవుతాది? హాయిగా నిద్రపోయాను. ఇన్ని నెలల తలనొప్పి వదిలింది."

"నానొస్తన్నాను. ఒక్కసారి సూసుకోనీ."

"రావడం ఎందుకు? డబ్బు కడితే ఫోన్‌లో పంపించేస్తాను."

పెద్దమ్మ బావురుమంది. తన రాతకి ఇంత బలముందా అని పూజిత పొంగిపోయి, స్నానానికి వెళ్లింది.

ఆమె తండ్రి కూర్మయ్య అప్పుడు ఓడరేవు డాక్‌లో డ్యూటీలో ఉన్నాడు. తోటి పనివాడు పోలిరాజు అతని భుజం మీద చెయ్యి వేసి, "మామా, దైర్యంగుండు. ఇంటికెల్దాం" అన్నాడు. ఆటో ఎక్కాక ఫోన్ చూపించాడు. కూర్మయ్య భార్యకి ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆటో దిగేసరికి గుమ్మం ముందు చెప్పుల గుట్ట, శవాలకి వేసే రజనీగంధ దండలు, లోపల వదిన అప్పలకొండమ్మ శోకాలు. కూర్మయ్య గోడకి జారబడిపోయాడు.

పూజిత తల తుడుచుకుంటూ బయటికొచ్చి, నిండిపోయిన ఇల్లు చూసింది.

"తోసుకోకండి, అందరికీ దొరుకుతుంది" అంది సంబరంగా.

"పాపం, పిల్లకి మతి పోనాది" అన్నాడు పోలిరాజు.

సరిగ్గా అప్పుడే చేపల సంచితో అమ్మన్నమ్మ వచ్చింది; ఆ ఏడుపుల్లో ఎవరూ గమనించలేదు. మొగుడు ఏడుస్తున్నాడు, అక్క ఏడుస్తోంది. ముందు ఏడ్చి తర్వాత అడగడం మర్యాదని, ఆమె కూడా అక్క పక్కన కూలబడి అందరికంటే గట్టిగా ఏడ్చింది. కాస్త తెరిపిన పడ్డాక, "ఎవులే అప్పా పోనాది?" అంది.

అప్పలకొండమ్మ మొహం మీది కొంగు తియ్యకుండానే, "నా సెల్లి అమ్మన్నమ్మే" అంది.

"నాను కాక నీకింకో అమ్మన్నమ్మ ఎక్కడుందే?"

కూర్మయ్య లేచి వచ్చి, భార్య చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏదో అనాలనుకుని, "సేపలు తెచ్చేవా?" అన్నాడు.

పోలిరాజు సంజాయిషీగా ఫోన్ తీసి, ఉన్నదంతా పైకి చదివాడు. అందరూ తన వైపు తిరిగేసరికి పూజిత తల దించుకుని, "వంటల పుస్తకం అమ్ముదామని రాశాను, తీసేస్తానమ్మా" అంది.

"ఉండే." అమ్మన్నమ్మ ఫొటోలో తన మొహం చూసుకుంది, తర్వాత గుమ్మం దాకా నిండిన మనుషుల్ని చూసింది. "పోలిరాజూ, ఇంకోపాలి సదువు."

రెండోసారి విన్నాక కొంగు బిగించి పొయ్యి వెలిగించింది. ఏడవడానికి వచ్చినవాళ్లు వంటింట్లోకి ఎగబడ్డారు. ఆమె ఒక్కో కూర ఎలా చెయ్యాలో చెబుతూ వండింది; వాళ్లు దాన్నంతా వీడియోలు తీసుకుని, కడుపునిండా తిని వెళ్లారు. పూజిత లింకు పెట్టేసరికి కొనాల్సిన అవసరం ఎవరికీ మిగల్లేదు.

సాయంత్రానికి అమ్ముడైంది ఒక్క కాపీ; దాన్ని కొన్నదీ, పులుసులో ఉప్పు తప్పు రాశారని గ్రూపులో ఫిర్యాదు పెట్టిందీ అమ్మన్నమ్మే.