నీళ్లు తాగే కథకు ప్రథమ బహుమతి

మా ఊరి హైస్కూల్లో అంటరానితనం 1973 అక్టోబరులో నిర్మూలింపబడింది. సోమవారం ఉదయం ప్రార్థన కాగానే మొదలుపెట్టి శనివారం సాయంత్రానికల్లా పూర్తిచేశాం. (మధ్యలో గురువారం స్థానిక సెలవు.) పైనుంచి వచ్చిన ఉత్తర్వు ప్రకారం ఆ వారంలో యువతను మేల్కొలిపే కథల పోటీ ఒకటి జరపాలి, ప్రథమ బహుమతి విధిగా హరిజన పేట పిల్లలకే రావాలి. పేట నుంచి వచ్చిన కథ ఒక్కటే కాబట్టి న్యాయనిర్ణయం సులువైంది.

రాసింది పదో తరగతి మార్త. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు నరికే ఇశ్రాయేలు కూతురు. బహుమతి ఇంగ్లీషు-తెలుగు డిక్షనరీ. కాలేజీలో చేరాలనుకుంటున్న మార్త అప్పటికే రెండుసార్లు వచ్చి, ఆఫీసు అల్మరా అద్దంలోంచి దాన్ని చూసుకుని పోయింది.

చిక్కల్లా కథతోనే వచ్చింది. అందులో ఒక పేట పిల్ల బడి వరండాలోని కుండలో తనే గ్లాసు ముంచుకుని నీళ్లు తాగుతుంది. ఏమీ జరగదు. గంట కొడతారు, లెక్కల క్లాసుకు వెళ్లిపోతుంది.

మా బడిలో పద్ధతి వేరు. పేట పిల్లలు దోసిలి పడితే అటెండరు బసవయ్య మూరెడు ఎత్తునుంచి ముంతతో పోస్తాడు. (ఇది గ్లాసుల కొరత మాత్రమేనని తనిఖీలకు జవాబు ఎప్పుడో రాసిపెట్టుకున్నాం.) అందుచేత హెడ్మాస్టరు వెంకటకృష్ణారావు గారు, సోషల్ టీచరు ఛాయాదేవి గారు, తెలుగు పండితుణ్ణయిన నేను కథా సంస్కరణ ఉపసంఘంగా ఏర్పడి నియమాలు రాశాం. అన్యాయం వేరే జిల్లాలో జరగాలి. చేసినవాడు చివర్లో పశ్చాత్తాపపడాలి, తీరిక లేకపోతే చనిపోవాలి. దాహం వేసిన పిల్ల ఒక సహృదయుడైన పెద్దమనిషి వచ్చేదాకా ఆగాలి, ఆగినందుకు ఆనందించాలి.

మార్తను పిలిచి, ముగింపు మారిస్తేనే డిక్షనరీ అని చెప్పాం. పెద్దమనిషికి నీకిష్టమైన పేరు పెట్టుకోవచ్చని ఛాయాదేవి గారు ఎంతో ప్రేమగా నచ్చజెప్పారు. మార్త కాసేపు అల్మరా వైపు చూసింది.

"డిక్షనరీ కావాలండి. కానీ ఆ పిల్ల నీళ్లు తాగాలండి," అంది.

నాకు సిగ్గేసింది. సిగ్గు రాయడానికి మినిట్సు పుస్తకంలో గడి లేదు. సభలో చివరి పేజీ చదవరాదని తీర్మానం రాసి ముగ్గురం సంతకాలు పెట్టాం.

శనివారం మార్త చివరి పేజీ కూడా చదివేసింది. సభకు అధ్యక్షత వహించిన పంచాయతీ సమితి అధికారి గారు (ఆయనకు గోలీసోడా తెప్పించాం) ఇలా ఎక్కడైనా జరుగుతుందా అని అడిగారు. హెడ్మాస్టరు గారు లేచి, మా బడిలో రోజూ జరిగేదే కదండీ అనేశారు.

"అయితే ఆ అమ్మాయినే తాగమనండి, చూద్దాం," అన్నారు అధికారి గారు.

మార్త వేదిక దిగి వరండాలోకి వెళ్లింది. గ్లాసు ముంచి తాగింది. ఇంకో గ్లాసు కూడా తాగింది. (రెండో గ్లాసు కథలో లేదు.) అందరం చప్పట్లు కొట్టాం, నేను కాస్త గట్టిగానే కొట్టాను. నిర్మూలన సంపూర్ణం అని అధికారి గారు విజిటర్ల పుస్తకంలో రాశారు.

తరువాతి అంశం బహుమతి ప్రదానం. తెర వెనక ఉపసంఘం అత్యవసరంగా సమావేశమైంది. సోమవారం నుంచి ఆ కుండలో నీళ్లు ఎవరు తాగుతారన్నది చర్చ. తీసి పారేయమంటే బసవయ్య దాన్ని ముట్టుకోనన్నాడు. మూడు నిమిషాల్లో ఏకగ్రీవంగా తేల్చాం. డిక్షనరీ బడి లైబ్రరీకి అత్యవసరం కాబట్టి ప్రథమ బహుమతి కుండ. గ్లాసు ప్రోత్సాహక బహుమతి.

మైకులో మార్త పేరు పిలిచారు. ఆమె వేదికెక్కి రెండు చేతులూ చాచింది. అధ్యక్షులవారు నిండు మనసుతో అభినందించి, కుండ ఎక్కడుందో వేలితో చూపించారు.