ఇరవై యేడు నూలు తగాదాల ఏకీకరణం

"బెజవాడ తాలూకా నేతపనివారలకు తెలియజేయడమేమనగా, నూలు కొనుగోలు గురించి వేర్వేరు మధ్యవర్తుల యెదుట నలుగుచున్న ఇరవై యేడు తగాదాలను, న్యాయము, పొదుపు, ప్రజాక్షేమము దృష్టిలో ఉంచుకొని, ఒకే తగాదాగా కలుపుటకు సర్కారువారు దయతో నిశ్చయించినారు."

1946 వేసవిలో నూలు తగాదాల స్పెషలాఫీసరు వెంకటకృష్ణారావుగారు జారీ చేసిన ఈ ప్రకటనను బంట్రోతు జక్కయ్య పటమట నేతవాళ్ల వీధిలో గోడకు అంటించాడు. చదువు రానివాళ్ల కోసం ఒకసారి, చదువు వచ్చినవాళ్లకు అర్థం కాలేదు కనుక ఇంకోసారి, పైకి చదివాడు.

ఆదిశేషయ్య రెండుసార్లూ విన్నాడు. అతని మగ్గం నెల్లాళ్లుగా ఖాళీ. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. కంట్రోలు కార్డు మీద అతనికిచ్చిన కట్టకు పైన నలభై నంబరని చీటీ ఉంది, లోపల ఇరవై నంబరు ముతక నూలు ఉంది. నూలు అమ్మిన డిపో యజమాని రామకోటేశ్వరరావు చీటీ చూడమన్నాడు. రసీదు వెనకనున్న షరతు ప్రకారం ఇద్దరూ ఒప్పుకుని బాలశౌరి మాస్టారిని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. తగాదా తేలేదాకా ఆ కట్టకు సీలు. తేలేదాకా కొత్త కట్ట ఇవ్వరు. మాస్టారు ఇద్దరి మాటా విన్నారు. నూలుపోగులు నల్లపలక మీద పరిచి భూతద్దంతో చూశారు. శుక్రవారం తీర్పు రాసిస్తానన్నారు. ప్రకటన గురువారం వచ్చింది.

శుక్రవారం ఉదయం ఆదిశేషయ్య గవర్నరుపేటలోని ఆఫీసుకు నడిచి వెళ్లాడు. గేటు దగ్గర జక్కయ్య ముందు కుండలో నీళ్లు ముంచి ఇచ్చాడు, తరవాతే పుస్తకంలో సంతకం పెట్టమన్నాడు. ఆ వరస అతను ఎవరి విషయంలోనూ తప్పేవాడు కాదు.

"నా తగాదా కలపొద్దండీ. ఇవాళో రేపో తీర్పు వస్తది," అన్నాడు ఆదిశేషయ్య.

"ఏ తగాదా?" అన్నారు ఆఫీసరుగారు.

"మాస్టారి దగ్గరున్నదండీ."

"అది లేదు, కలిసిపోయింది. లేని తగాదాకి మీ మాస్టారు మధ్యవర్తి ఎట్లా అవుతాడయ్యా?"

"మరి అందరూ ఒప్పుకుంటేనే కలపాలంట గదండీ?"

నేతపనివాడికి చట్టం తెలిసినందుకు ఆఫీసరుగారు నిజంగా సంతోషించారు. గేటు దగ్గరి పుస్తకం తెప్పించారు.

"ఇది నీ సంతకమేనా?"

"లోపలికి రావాలంటే పెట్టమన్నారండీ."

"పైన చదువు."

పైన 'ఏకీకరణకు మనఃపూర్వకముగా సమ్మతించినవారు' అని ఉంది. అభ్యంతరం చెప్పడానికి అంతకుముందే వచ్చి వెళ్లిన ఇరవై ఆరుగురి పేర్లూ దాని కింద వరసగా ఉన్నాయి.

"నువ్వే ఆఖరువాడివి. నీ కోసమే చూస్తున్నాం," అన్నారు ఆఫీసరుగారు ఆప్యాయంగా.

ఏకీకృత తగాదాకు ఆయనే ఏకైక మధ్యవర్తి అయ్యారు. మొదటి విచారణనాడు కొన్ని తేడాలు బయటపడ్డాయి. ఒకరిది ముతక నూలు, ఒకరిది తడిసిన నూలు, ఒకరిది రంగు దిగే నూలు. గన్నవరం దారిలో ఉండే చౌడయ్యకైతే కట్టలో నూలే లేదు, అట్టముక్కలున్నాయి. ఇవన్నీ నూలుకు సంబంధించినవే కనుక ప్రశ్న ఒకటేనని ఆఫీసరుగారు తేల్చారు. తనది నూలు కాదనీ అట్టలనీ చౌడయ్య మనవి చేసుకున్నాడు. నూలు లేకపోవడం కూడా నూలుకు సంబంధించినదేనని ఆయన ఓపిగ్గా బోధపరిచారు. వేరువేరు నమూనాలు చూడడం దుబారా గనక, ఏదో ఒక కట్ట చూసి అన్నింటికీ తీర్పు చెబుతామని, వాయిదా వేశారు.

ఆ నెల రిపోర్టులో, పెండింగు తగాదాలు ఇరవై యేడు నుంచి ఒకటికి తగ్గినట్టు మద్రాసుకు వెళ్లింది. ఇంత వేగంగా న్యాయం జరగడం రాష్ట్రంలో మరెక్కడా లేదని మద్రాసువారు తిరుగుటపాలో మెచ్చుకున్నారు. నూలు వర్తకుల సంఘం సన్మానం తలపెట్టింది. సంఘానికి అధ్యక్షుడు రామకోటేశ్వరరావే.

సన్మానానికి ఉత్తరీయం కావాలి. ఆదిశేషయ్య కట్టకు సీలు తీయమని ప్రత్యేకమైన ఉత్తర్వు వచ్చింది. సన్మానం ప్రజాక్షేమం కిందికి వస్తుందట. ఉత్తర్వు జక్కయ్య తెచ్చాడు.

"అది ఇరవై నంబరు జక్కయ్యా. భుజాన వేసుకునేది కాదు," అన్నాడు ఆదిశేషయ్య.

"చీటీ మీద నలభై ఉంది గదా. దాంతోనే నెయ్యమన్నారు."

నేయననడానికే ఆదిశేషయ్య నోరు తెరిచాడు. భార్య రాఘవమ్మ ఆపింది.

"నెయ్యవయ్యా. మాస్టారు అద్దం పెట్టి చూడాల్సొచ్చింది. ఈయనకి మెడ చాలు. ముట్టుకుంటే తెలుస్తది గదా."

ఆ మాట అతనికి నచ్చింది. భుజాన పడ్డాక మధ్యవర్తిగారికి ఇక వేరే సాక్ష్యం ఎందుకు? ఆమె కండెలు చుట్టింది, అతను మగ్గం గుంటలోకి దిగాడు. నాలుగు రోజులు ఆ ఇంట్లో మగ్గం చప్పుడు వినిపించింది. మిగిలిన నూలుకు మళ్లీ సీలు వేయాలని ఉత్తర్వులో ఉంది. ఏదీ మరిచిపోని జక్కయ్య అది మరిచిపోయాడు.

సన్మానానికి ఇరవై ఏడుగురూ వెళ్లి వెనక నిలబడ్డారు. రామకోటేశ్వరరావు స్వయంగా ఉత్తరీయం కప్పాడు. ఆదిశేషయ్య కళ్లన్నీ ఆఫీసరుగారి మెడ మీదే ఉన్నాయి. ఆయన అంచు పట్టుకుని వేళ్లతో రాశారు. ఒక్క క్షణం ఆగారు. సభ చప్పట్లు కొట్టింది.

"ఆహా, నలభై నంబరంటే ఇదీ. వెన్న," అన్నారు ఆఫీసరుగారు.

పక్కన కూర్చున్న డిపో గుమాస్తా ఆ మాట తేదీ, వేళతో సహా రాసుకున్నాడు.

సోమవారం తీర్పు వచ్చింది. మధ్యవర్తిగారు నమూనాను స్వయముగా ధరించి, పరీక్షించి, బహిరంగ సభలో నలభై నంబరని ధ్రువపరచినందున, ఏకీకృత తగాదా కొట్టివేయడమైనది. తగాదా ఒకటే కనుక తీర్పు ఇరవై ఏడుగురికీ వర్తిస్తుంది. దీనిపై అప్పీలు లేదు. ఆ ప్రకారం చౌడయ్య అట్టముక్కలు కూడా నలభై నంబరే అయ్యాయి. తరవాతి నెల రిపోర్టులో పెండింగు తగాదాలు సున్న.

బుధవారం జక్కయ్య మళ్లీ వచ్చాడు. చంకలో మడత పెట్టిన ఉత్తరీయం ఉంది. గుమ్మంలో నిలబడి, మనిషి కేసి కాక మగ్గం కేసి చూస్తూ చెప్పాడు.

"అయ్యగారికి మెడంతా గీరుకుపోయి దద్దుర్లు లేచినయ్. పొడరు వేస్తున్నారు. ఈసారి అసలైన నలభై నంబరుతో ఇంకోటి నేసివ్వమన్నారు."

ఆదిశేషయ్య ఉత్తరీయం అందుకుని, మడత విప్పి, అంచు ఒకసారి తడిమి చూసి, మళ్లీ అదే మడత పెట్టి జక్కయ్య చేతికిచ్చాడు.

"తీర్పు మీద అప్పీలు లేదంట గదా జక్కయ్యా," అన్నాడు. "మెడక్కూడా అంతే."