మంత్రిగారి ఇటుక

ఇకమీదట ఒక్క మేధావి కూడా ప్రభుత్వం కన్నుగప్పి తిరగడానికి వీల్లేదని భవనాల శాఖ మంత్రిగారు ప్రకటించారు. మేధావులను పట్టుకోవడానికి ఒక పరీక్ష, పట్టుకున్నవాళ్లను కూర్చోబెట్టడానికి ఒక సంస్థ, ఆ సంస్థకు ఒక భవనం వెంటనే మంజూరయ్యాయి. మొట్టమొదటి పరీక్ష తన సిబ్బందితో పాటు తానే రాస్తానన్నారు మంత్రిగారు. చదువుకునే రోజుల్లో కూడా పరీక్ష హాలు వైపు కన్నెత్తి చూడని మనిషి ఇంత మాట అనేసరికి విలేకరుల కలాలు ఆగిపోయాయి.

పరీక్ష తయారుచేసే పని సైకాలజీ మాస్టారి మీద పడింది. కాలేజీలో ఆ సబ్జెక్టు ఎత్తేశాక ఆయన మంత్రిగారి ఆఫీసులో టెంపరరీ సలహాదారుగా, నీళ్ల కూజా పక్కన కుర్చీలో కూర్చుంటున్నారు. నెలాఖరుకి ఆ కుర్చీ కూడా ఖాళీ చెయ్యాలి. సంస్థ వస్తే మాత్రం డైరెక్టరు పోస్టు ఆయనదే, అదీ పర్మనెంటు. కాకపోతే మంత్రిగారు మేధావిగా తేలాలి.

"తేలతాడంటారా?" అని అడిగింది భార్య, ఆయన చొక్కాకి గుండీ కుడుతూ.

"శాస్త్రం ఉంది కదే."

"శాస్త్రం సంగతి కాదండీ, ఆయన సంగతి అడుగుతున్నా."

మాస్టారు చొక్కా తొడుక్కుని వెళ్లిపోయారు.

ప్రశ్న ఒకటే. ఇటుకతో ఏం చెయ్యవచ్చు? అందరూ రాసేదే రాస్తే సున్నా. ఇంకెవరికీ తట్టనిది రాస్తే నూటికి నూరు. మంత్రిగారికి ఇదంతా విప్పి చెప్పి, మాస్టారు ఒక ఇటుక తెచ్చి బల్ల మీద పెట్టారు.

"దీనితో ఏం చెయ్యొచ్చు సార్?"

"గోడ కట్టొచ్చు."

"అది అందరూ రాస్తారు సార్. ఇంకోటి చెప్పండి."

"ఇంకో గోడ."

మాస్టారు మెడ తుడుచుకున్నారు. "గోడలు పక్కన పెడదాం సార్. తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టొచ్చు, కాగితాలు ఎగరకుండా బరువు పెట్టొచ్చు..."

"ఏమయ్యా మాస్టారూ, సగం జీవితం కాంట్రాక్టులు చేసినవాణ్ణి. ఇటుక తెచ్చి కాగితాల మీద పెట్టుకుంటానా? నన్ను పిచ్చోడి కింద జమకట్టే పరీక్షా ఇది?"

మంత్రిగారు విసురుగా లేచి లోపలికి వెళ్లిపోయారు. మాస్టారికి తన కుర్చీ కాలు విరిగిన చప్పుడు వినిపించినట్టయింది. అంతా వింటున్న మంత్రిగారి పీఏ, మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"ఇంకెవరూ రాయనిది రాస్తే మేధావే, అంతేనా?"

"అంతే."

"ఇంకెవరూ రాయకుండా నేను చూస్తా. ఆయన్ని గోడే రాయనివ్వండి."

"అలా చేస్తే అది శాస్త్రం అవదండీ."

"మీ పోస్టు అవుతుంది."

మాస్టారు కూజాలోంచి నీళ్లు వంచుకుని తాగారు.

సాయంత్రానికల్లా శాఖంతా నోటిమాటగా పాకింది. గోడ మంత్రిగారిది, ఎవరూ ముట్టుకోకూడదు.

"మరి మేమేం రాయాలండీ? మాకు వచ్చిందల్లా అదే," అని చీఫ్ ఇంజనీరు గోలపెట్టాడు.

"ఏదైనా రాసుకోండి," అన్నాడు పీఏ. "ఆ మాట మాత్రం మీ కలంలోంచి గానీ నోట్లోంచి గానీ రాకూడదు."

"ఎందాకా?"

"మేం చెప్పేదాకా."

పరీక్షలో ఇటుకకు పట్టిన యోగం అంతా ఇంతా కాదు. కాచి గుడ్డలో చుట్టి నడుముకి పెట్టుకుంటే నొప్పి పోతుందని టైపిస్టు రాసింది. ఆఫీసు ఆనవాయితీ ప్రకారం పక్క పేపరు చూసి రాశారు గనక, నడుంనొప్పి ఆ వరుసంతా పాకింది. డ్రైవరు బండి చక్రానికి అడ్డం పెట్టాడు, వెనక బెంచీలన్నీ అడ్డం పెట్టాయి. చీఫ్ ఇంజనీరు కలం కొరికి కొరికి "చూడవచ్చు" అని రాశాడు. ఆయన కిందివాళ్లంతా కూడా చూశారు. మంత్రిగారు మాత్రం ఒకే ఒక్క మాట రాసి, ప్రారంభోత్సవం ఉందని లేచి వెళ్లారు.

"ఇటుకతో గోడ కట్టవచ్చునన్న ఊహ ఇంతమందిలో ఒకే ఒక్క మెదడుకి తట్టింది," అని మాస్టారు సభలో చదివారు. చదివేటప్పుడు తల ఎత్తలేదు. చప్పట్లు మోగాయి. అందరికంటే చివరిదాకా కొట్టింది చీఫ్ ఇంజనీరు.

"చిన్నప్పట్నుంచీ నాకిలాంటివే తడుతుంటాయి," అన్నారు మంత్రిగారు వినయంగా.

భవనం అనుకున్న గడువుకి లేచింది. చేతిలో పర్మనెంటు ఆర్డరుతో, పక్కన భార్యతో, మాస్టారు చార్జి తీసుకోవడానికి వెళ్లారు. స్తంభాలు ఘనంగా ఉన్నాయి. పైకప్పు ఇంకా ఘనంగా ఉంది. నిలువు చట్రంలో నున్నటి తలుపు, దానికి తాళం. చీఫ్ ఇంజనీరు తాళం తీసి, ముందు అమ్మగారిని లోపలికి రమ్మన్నాడు.

ఆవిడ లోపల నిలబడి నాలుగు వైపులా చూసింది. నాలుగు వైపులా రోడ్డే కనిపించింది.

"ఏవండీ, గోడలేవి?"

చీఫ్ ఇంజనీరు గాభరాగా పెదవుల మీద వేలు పెట్టాడు. "మెల్లిగా అమ్మా! ఆ మాట ఎత్తొచ్చని మాకింకా పైనుంచి చెప్పలేదు."

"మరి ఆ మూల ఇటుకలు?"

"అవి రూలు ప్రకారం వచ్చాయమ్మా. వచ్చిన రోజునుంచీ చూస్తూనే ఉన్నాం."

ఇంతలో గాలి విసిరింది. డైరెక్టరుగారి బల్ల మీద అప్పుడే పెట్టిన ఆర్డరు లేచి రోడ్డు వైపు బయలుదేరింది. మాస్టారు పరుగెత్తి స్తంభం దగ్గర దాన్ని అందుకున్నారు. తిరిగొచ్చి బల్ల మీద పరిచి, మూలనుంచి ఒక ఇటుక తెచ్చి దాని మీద పెట్టి, కుర్చీలో కూర్చున్నారు.

"గాలి మాత్రం బాగా వస్తోందే," అన్నారు భార్యతో.