తనిఖీ మెషీనులో చుట్టాలు

"మన ఆసుపత్రి కంప్యూటర్లలోకి దొంగ అడుగు పెట్టాలంటే ముందు నన్ను దాటి రావాలి!"

ప్రతి సమావేశంలోనూ భద్రతాధికారి బల్లగుద్ది చెప్పే మాట ఇది. పాపం, బల్ల కూడా అలవాటు పడిపోయింది. పొద్దస్తమానం తాళాలు, పాస్‌వర్డులు అంటూ ఊదరగొడతాడు కనక అందరూ ఆయన్ని తాళాలరావు అంటారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇంతకీ ఆయన కాపలా కాసేది ఏసీ గదిలో హోరుమంటూ తిరిగే ఒక పెద్ద కంప్యూటరును. ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు, ఆ ఒక్కదాంట్లోనే బోలెడు వర్చువల్ మెషీన్లు కాపురం ఉంటాయి. ల్యాబుకొకటి, మందుల కొట్టుకొకటి, రోగుల వివరాలకొకటి. ఎవరి వాటా వారిదే, మధ్య గోడలు మహా గట్టివి అని కాగితం మీద ఉంది. నిజానికి అన్ని వాటాలకూ ఒకటే పాస్‌వర్డు. రెండోది తాళాలరావుకు గుర్తుండదు మరి!

ఎప్పుడో నర్సుల శిక్షణ కోసం తెరిచిన మెషీను ఒకటి, శిక్షణ ముగిసినా నడుస్తూనే ఉంది. దాన్ని మూసేద్దామని సహాయకురాలు అడిగినప్పుడల్లా ఆయనది ఒకటే జవాబు.

"అమ్మాయ్, నడిచేదాన్ని ఆపితే ఎందుకాపావని అడుగుతారు. నడవనిస్తే ఎందుకు నడుస్తోందని అడిగినవాడు లోకంలో ఉన్నాడా?"

మరి తనిఖీకి వచ్చేవాళ్ళ సంగతో? వాళ్ళకోసం విడిగా ఒక మెషీనుంది! దాని పాస్‌వర్డు వేరే, చాంతాడంత; గుర్తుండదని చీటీ మీద రాసి పెట్టుకున్నాడు. మరమ్మతులు ఏ రోజువి ఆ రోజే. మిగతా వాటాలతో మాటామంతీ, రాకపోకలూ ఏమీ లేవు. లోపం ఒక్కటే. అందులో ఎవరూ పనిచేయరు.

అలాగని బోసిగా ఉంటే బావుండదు కదా. నిజమైన రోగుల వివరాలు బయటివాళ్ళకు చూపించడం నియమాలకు విరుద్ధం. తాళాలరావు నియమాలంటే ప్రాణం పెట్టే మనిషి! అందుకని తన చుట్టాల్ని చేర్చాడు. తోడల్లుడి మూత్రపిండంలో ఒక రాయి వేశాడు, కాస్త పెద్దదే. ఎదురుపడినా పలకరించని బావమరిదికి మొలలు ప్రసాదించాడు. మేనత్తకు కాలు విరగ్గొట్టాడు. ఇంతమందిని మంచాన పడేసిన చెయ్యి అక్క దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది. తల్లి పోయాక తనను పెంచింది అక్కే. ఆవిడకు జలుబు కూడా రాయడానికి మనసొప్పలేదు. "సంపూర్ణ ఆరోగ్యం. ఏ మందైనా పడుతుంది" అని ప్రేమగా రాశాడు. నిజానికి ఒకసారి పెన్సిలిన్ సూది వేస్తే ఆవిడ ఒళ్ళంతా పొంగి, చావు తప్పి బయటపడింది. ఆ సంగతి రోగుల అసలు మెషీనులో ఉంది కదా, చాలదూ!

పెద్ద తనిఖీ రోజు రానే వచ్చింది. తనిఖీ అధికారి సంతకం పెడితే తాళాలరావు అన్ని శాఖలకూ ప్రధాన భద్రతాధికారి అయిపోతాడు. అధికారి తెర ముందు కూర్చుని మురిసిపోతున్నారు.

"అద్భుతమండీ! ఆసుపత్రంతా దీని మీదే నడుస్తోందా?"

"దీని మీదేనండి! రోగులందరూ ఇందులోనే!"

ఆ మాట పూర్తయిందో లేదో సహాయకురాలు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సార్! ఆ శిక్షణ మెషీనులోంచి దొంగలు దూరారు! పాస్‌వర్డు ఒకటే కదా, వరసపెట్టి అన్ని మెషీన్లకీ తాళాలు వేసేశారు. ఇది తప్ప ఒక్కటీ తెరుచుకోవట్లేదు!"

తాళాలరావు ముఖంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అయినా నాలుక మాత్రం తడబడలేదు.

"అవన్నీ పాత సామాను లెండి," అన్నాడు అధికారితో. "అసలుది ఇదీ. దీన్ని ముట్టుకోగలిగారేమో చూడండి!"

"శభాష్!" అంటూ అధికారి కలం తీశారు.

ఇంతలో డాక్టరమ్మ నర్సును వెంటబెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "రోగుల వివరాలు రావట్లేదేంటండీ? ఒక పెద్దావిడని పక్కింటివాళ్ళు తీసుకొచ్చారు. ఊపిరితిత్తుల్లో జబ్బు ముదిరింది, మాట్లాడే స్థితిలో లేరు. ఏ మందు పడదో చూసుకోవాలి నేను."

"ఇందులో చూడండమ్మా, రోగులందరూ ఇందులోనే ఉన్నారట," అని అధికారి ఉత్సాహంగా కుర్చీ ఖాళీ చేశారు.

డాక్టరమ్మ పేరు కొట్టింది. తెర మీదికి వచ్చింది తాళాలరావు అక్క పేరే!

"ఆ, దొరికింది. సంపూర్ణ ఆరోగ్యం, ఏ మందైనా పడుతుంది. హమ్మయ్య! సిస్టర్, పెన్సిలిన్ సిద్ధం చెయ్యండి!"

తాళాలరావు ఇరుక్కుపోయాడు. అటు అక్క, ఇటు సంతకం. చెప్పుకోవడానికే సిగ్గుచేటు గానీ, ఆ మహానుభావుడు ముందు చూసింది అధికారి కలం వంకే.

"డాక్టరుగారూ... వేరే మందేదైనా... కాస్త కొత్తరకంది వేస్తే?"

"ఎందుకండీ? ఇదే పడుతుందని మీ మెషీను చెబుతోందిగా!"

"మెషీనుకేం, ఎన్నైనా చెబుతుంది..."

"అంటే, ఇందులో తప్పుందా?"

అధికారి కలం ఆగింది. నడవాలో నర్సు అడుగుల చప్పుడు దూరమైంది.

"తప్పు కాదు తల్లీ, అబద్ధం! అంతా అబద్ధం! మా తోడల్లుడికి రాయీ లేదు రప్పా లేదు! మా మేనత్త కాలు భేషుగ్గా ఉంది! మా అక్కకి పెన్సిలిన్ పడదు! ఆపండి, ఆ సూది ఆపండి!" అని అరుస్తూ తాళాలరావు నడవాలోకి పరుగుతీశాడు.

సూది ఆగింది. డాక్టరమ్మ ఆయన్ని నాలుగు దులిపి వేరే మందు ఎక్కించింది. సాయంత్రానికి అక్కకు ఊపిరి కుదురుకుంది. కళ్ళు తెరిచి, "ఏరా, ముఖం అలా పీక్కుపోయిందేం? నీకేమైందిరా?" అని అడిగింది. తాళాలరావు ఆవిడ చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఆ ఏడుపులో నటన లేదు. ఇందాకటి అరుపు కాక, ఆ పూటకు ఆయన చేసిన నిజాయితీ పని అదొక్కటే.

బయటికి వచ్చేసరికి వరండాలో అధికారి కాచుకుని ఉన్నారు. ఉద్యోగం ఊడిందనుకుని తాళాలరావు చేతులు జోడించాడు.

"ఇందాక మీరు అరిచింది నేను వినలేదండి," అని అధికారి సంతకం చేసిన కాగితం ఆ చేతుల్లోనే పెట్టారు. తర్వాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "పై వారం మా కార్యాలయానికి తనిఖీ. మేమూ ఇలాంటి మెషీనే ఒకటి పెట్టాం. కానీ అందులో మనుషులు లేరు, ఖాళీ కొంపలా ఉంది. ఏమీ అనుకోకపోతే... మీ చుట్టాల్ని కాస్త మాకిప్పిస్తారా?"

తాళాలరావు తలుపు వంక చూశాడు. లోపల అక్క దగ్గుతోంది. కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అక్కను మాత్రం అడక్కండి సార్," అన్నాడు గంభీరంగా. "మిగతావాళ్ళని ఎంతమందిని కావాలంటే అంతమందిని పట్టుకెళ్ళండి!"