గోదాములో పందికొక్కు

ఏడు వాగులు దాటితేగానీ అంచు కనబడనంత పెద్ద అడవిలో ఒక గోదాము ఉండేది. ఇప్పపూలు, ఉసిరికాయలు, వెదురుబియ్యం, ఎండుచేపలు, అన్నీ అందులోనే. పన్నెండేళ్లుగా దానికి కాపలా బుచ్చిలింగం అనే పందికొక్కు.

వింటే నవ్వొస్తుంది. మొదట్లో అడవంతా నవ్వింది కూడా. కానీ బుచ్చిలింగం తన వంతు పిడికెడు గింజలు తప్ప ఇంకో గింజ ముట్టి ఎరగడు. ఏ మూల ఏ బస్తా ముక్కిపోతోందో వాసన చూసి చెప్పేవాడు. వానలకు ముందే వాగు అవతల కాపురముండే నలభై కుటుంబాలకు మూడు నెలల తిండి పంపించేవాడు. వాగు పొంగిందంటే మళ్లీ నీరు తీసేదాకా దాటే దారే ఉండదు. ఆ సరుకు మోసేది అడవిపంది గున్నమ్మ, ఆమె పిల్లలు.

ఒకరోజు సింహరాజు కొలువులో నెమలి నీలాంబరం పురి విప్పి నిలబడ్డాడు.

"ప్రభూ! పట్నాల్లో సరుకు పంపడం, ఉద్యోగాలకు ఎంపిక చేయడం ఇప్పుడంతా సాఫ్ట్‌వేర్ చూసుకుంటోంది. మనకోసం నేనూ ఒకటి కనిపెట్టాను. ఏ సరుకు ఎక్కడుందో తెర మీద కనబడుతుంది. ఏ కొలువుకు ఎవరు తగినవారో అదే తేల్చేస్తుంది. మొహమాటం లేదు, సిఫార్సు లేదు."

సింహరాజు ఆవులించాడు. "నాకేమైనా పని తగ్గుతుందా?"

"అసలు ఉండదు ప్రభూ."

"అయితే రేపే పెట్టించు."

మర్నాటికల్లా గోదాము కొలువులన్నీ ఖాళీ అని చాటింపు వేశారు. బుచ్చిలింగం తన ఉద్యోగానికి తనే దరఖాస్తు పెట్టుకున్నాడు. తెర ముందు నిలబెడితే అది అడిగింది: "మీ బలహీనత ఏమిటి?"

బుచ్చిలింగానికి అబద్ధం చెప్పడం చేతకాదు. "ఆకలేస్తే తినాలనిపిస్తుందండీ" అన్నాడు.

పక్కనే ఉన్న కొంగను కూడా అదే అడిగింది. కొంగ కళ్లు అరమోడ్చి, "అవసరానికి మించిన ఏకాగ్రత" అంది.

సాయంత్రానికి ఫలితాలొచ్చాయి. గోదాము అధికారి కొంగ. 'చేపల పట్ల అపారమైన ఆసక్తి' అన్నందుకు అదనపు మార్కులు పడ్డాయి. రవాణా అధికారి తాబేలు కూర్మయ్య. పుట్టి బుద్ధెరిగాక ఒక్క ప్రమాదమూ చేయలేదు, పైగా వసతి అడగడు. గున్నమ్మను గొంతు పెద్దదని తీసేశారు. బుచ్చిలింగం పేరు పక్కన ఒక్క ముక్కే ఉంది: 'తిండి పట్ల జాతిపరమైన ఆసక్తి. తగడు.'

కొంగకు మార్కులు తెచ్చిన ఆసక్తే తన మెడకెలా చుట్టుకుందో బుచ్చిలింగానికి అర్థం కాలేదు. తాళాలు గూటానికి తగిలించి, వెనక్కి తిరిగి చూడకుండా తన కలుగులోకి పోయి పడుకున్నాడు. పన్నెండేళ్లలో పట్టపగలు పడుకోవడం అదే మొదలు.

వారం గడిచింది. ఓ పొద్దున లేచేసరికి కలుగు అడుగున పొట్టకు చెమ్మ తగిలింది. అలా చెమ్మ ఊరితే నాలుగైదు రోజుల్లో వాగు వచ్చేస్తుంది. పరుగున నీలాంబరం దగ్గరికి వెళ్లాడు.

"అయ్యా, వాన దగ్గరపడింది. అవతలి గట్టుకి ఇంకా గింజ కూడా చేరలేదు."

నీలాంబరం తెర వైపు చూపించాడు. "వాన ఇంకా పద్దెనిమిది రోజులకి. కూర్మయ్య బయల్దేరాడు కూడా. ఇదుగో, 'దారిలో ఉంది' అని పచ్చగా వెలుగుతోంది."

"కూర్మయ్య అవతలికి చేరేసరికి గింజలకు మొలకలొస్తాయండీ! నా కలుగు అడుగున చెమ్మ..."

"చెమ్మకు ఇందులో గడి లేదు బుచ్చిలింగం. గడి లేనిది నేనెక్కడ రాయను?"

బుచ్చిలింగం బయటికొచ్చి గున్నమ్మను వెతుక్కుంటూ పోయాడు. "అక్కా, నువ్వూ పిల్లలూ ఒక్క సాయం చేయాలి. గోదాము గోడ కింద నేను దారి తవ్వుతాను. మీరు మోయండి."

గున్నమ్మ నోరు తెరిచింది. "మనకిప్పుడు కొలువు లేదురా. పట్టుబడితే ఏం చెప్తావు?"

"నేను పందికొక్కుని కదక్కా. తినేశానని చెప్తాను. అందరూ నమ్ముతారు."

గున్నమ్మ వెంటనే లేచింది. పిల్లల్ని కేకేసింది.

మూడు పగళ్లు మోశారు. కొంగ చేపల గదిలో ఏకాగ్రతగా ఉంది కాబట్టి మిగతా గదుల వైపు ఎవరూ తొంగి చూడలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఆఖరి బస్తా అవతలి గట్టెక్కింది. ఒక ముసలి దుప్పి ఎదురొచ్చి, "ఈ ఏడు మమ్మల్ని మరిచిపోయారేమో అనుకున్నాం నాయనా" అంది. బుచ్చిలింగం బస్తా అప్పగించి, గున్నమ్మతో పిల్లలతో ఇవతలి గట్టుకు తిరిగొచ్చేశాడు. అదే సాయంత్రం వాగు పొంగింది.

అడవి తెల్లబోయింది. పద్దెనిమిది రోజులకి రావాల్సిన వాన నాలుగు రోజులకే వచ్చింది కదా! సింహరాజు కొలువు తీర్చి తెర చూపించమన్నాడు. నీలాంబరం చూపించాడు. పాపం దానికి ఉన్నవి రెండే గడులు: 'దారిలో ఉంది', 'చేరింది'. పంపాల్సిన సరుకు గోదాములో మిగలకపోతే చేరినట్టే లెక్క. నూటికి నూరు పాళ్లూ చేరిందని పచ్చగా వెలిగిపోయింది. అవతలి గట్టు నుంచి గద్ద కూడా ఎగిరొచ్చి, అందరూ కడుపునిండా తింటున్నారని చెప్పింది.

"భేష్! కూర్మయ్యకి సన్మానం!" అన్నాడు సింహరాజు.

కూర్మయ్యను పిలుచుకురావడానికి వెళ్లిన కుందేలు ఒంటరిగా తిరిగొచ్చింది. "ఆయన ఇంకా మలుపు దగ్గరే ఉన్నారు ప్రభూ. శాలువా అక్కడికే పంపమన్నారు."

సభ గొల్లుమంది. సింహరాజు మాత్రం తెర మెరుపులోనే ఉన్నాడు. "దారిలో ఉండగానే చేర్చేశాడంటే ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్! ఇకమీదట ఒక్క గోదామేమిటి, రాజ్యంలో అన్ని కొలువులూ ఇదే తేల్చాలి. ఇప్పుడే, మా ముందరే!"

నీలాంబరం ఆనందంగా మీట నొక్కాడు. తెర మొదట అతని పేరే చూపింది: 'సలహాదారు. నృత్యం తప్ప అనుభవం లేదు. తగడు.' నీలాంబరం పురి టక్కున ముడుచుకుంది. సింహరాజు పొట్ట పట్టుకుని నవ్వుతుండగానే రెండో పేరు వచ్చింది.

'రాజు. రోజుకు పద్దెనిమిది గంటల నిద్ర. వేట భార్యలది, భోజనం తనది. తగడు.'

సింహరాజు లేచి, పంజాతో ఒక్కటిచ్చాడు. తెర ముక్కలైంది. "ఈ దిక్కుమాలిన యంత్రం లోపాల పుట్ట! పాతవాళ్లంతా తక్షణం పాత పనుల్లో చేరాలి!"

ఆ విధంగా బుచ్చిలింగానికి తాళాలు తిరిగొచ్చాయి. ఎందుకు తీసేశారో అప్పుడు ఎవరూ సరిగా చెప్పలేదు, ఎందుకు ఇచ్చారో ఇప్పుడూ చెప్పలేదు. అతను గోడ కింద తవ్విన దారి పూడ్చుకుని, చేపల గది తెరిచి చూసి, తలపట్టుకు కూర్చున్నాడు.

నీతి: యంత్రం ఎన్ని తప్పులు చెప్పినా ఓపిక పట్టాలి, నిజం చెప్పిన రోజున మాత్రం దాన్ని క్షమించకూడదు.